వదులువైపు

పొద్దున్నే కారు తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లపాటు ఇంజన్లోంచి ఒక చప్పుడు వచ్చేది. పాత సైకిలు చైను గార్డుకి కొట్టుకుంటే వస్తుందే, అలాంటి గరగర. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలుగా తిరిగేది. దారిలో ఎక్కడైనా ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే రాదు. రాత్రంతా చల్లారి ఉన్నప్పుడే వచ్చేది. ఆరు నెలలు విన్నాను దాన్ని. వినకుండా ఉండడం నేర్చుకున్నాను అంటే సరిగ్గా ఉంటుందేమో, తాళం తిప్పిన వెంటనే పాటలు పెట్టేసేవాణ్ణి.

ఆ ఆరు నెలలూ పక్క సీట్లో నాన్న ఉన్నాడు. రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆయన్ని గాజువాకలో దింపుతాను, అక్కడ ఆయన పాత స్నేహితులు ఒక టీకొట్టు దగ్గర చేరతారు. నాన్నకి ఆ చప్పుడు వినపడదు. ముప్పయ్యేళ్ళు కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్సులో పనిచేశాడు. చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్గులు ఇచ్చేవారు, ఆయన వాటిని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు, బేరింగు పాడైతే చెవితోనే కదరా తెలిసేది అని. మోతలో పనిచేసిన చెవికి ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాలట. ఆడియోగ్రామ్ గీతలో సరిగ్గా అక్కడ గుంట పడుతుంది. నాన్న గీతలోనూ పడింది. గొంతులు వినిపిస్తాయి, మాటలు విడివిడిగా తెలియవు. కుక్కర్ విజిలు, సెల్‌ఫోను రింగు, ఇనుము ఇనుముకి రాసుకునే సన్నటి గరగర, ఇవేవీ ఆయన దాకా రావు.

ఒకరోజు నేను కారు తీస్తుంటే ఆయన గేటు తెరిచి, అలవాటుగా బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను తాళం తిప్పాను. చెయ్యి తియ్యకుండా నావైపు చూశాడు.

"ఏట్రా ఇది? లోపలేదో కొట్టుకుంటోంది."

"ఏం లేదు నాన్నా."

"ఎన్నాళ్ళబట్టి?"

"వారం" అన్నాను, ఆయనకి వినపడేలా గట్టిగా.

*

ఇంజనీరింగ్ చదివాను కదా, నా పద్ధతిలో నేను ముందే పరిశోధన చేసుకున్నాను. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి తగిలించే బ్లూటూత్ డాంగిల్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. ఫోన్లో యాప్ తెరిస్తే ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. పి0016 అని ఒక కోడ్ ఉంది, క్రాంక్‌షాఫ్టూ క్యామ్‌షాఫ్టూ ఒకదానితో ఒకటి పొత్తు తప్పాయని చెప్పేది. నా ఫోన్లో ఏ కోడూ రాలేదు. అంతా పచ్చగా ఉంది. మా వృత్తిలో డాష్‌బోర్డు పచ్చగా ఉంటే ఇంటికి వెళ్ళి పడుకుంటాం. నేనూ పడుకున్నాను. కోడ్ రావాలంటే చైను ఇంకా చాలా వదులైపోవాలన్న సంగతి తర్వాత తెలిసింది. సెన్సరు చూసేది రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని, చైను గోడకి కొట్టుకుంటున్న మోతని దానికి చూపించేది ఏదీ లేదు.

నాన్న చెయ్యి పెట్టి చూసిన మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఇంజన్ మొత్తం విప్పాలి, అరవై వేల పైమాటే అన్నారు. అప్పుడు నాన్నే చెప్పాడు, ఆటోనగర్లో ఒక మేస్త్రి ఉన్నాడు చూపిద్దాం అని. మేస్త్రి బానెట్ ఎత్తి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ కొసని టైమింగ్ కవర్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకున్నాడు. స్టార్ట్ చెయ్యమన్నాడు. ఆపమన్నాడు. అంతే.

"చైను సాగిపోనాది బావూ. టెన్సనరు అయిపోనాది. ఇలాగే తిప్పితే ఏదో రోజు పన్ను దాటీసి వాల్వులన్నీ పిస్టన్ల మీద పడిపోతాయి. మరప్పుడు మీరన్న అరవై వేలూ సాలవు."

*

ఈ కారులో ఉన్నది 1248 సీసీ డీజిల్ ఇంజన్. ఫియట్ వాళ్ళ మల్టీజెట్. 2007 నుంచి 2020 దాకా, అంటే బీఎస్-6 నిబంధనలు వచ్చి చిన్న డీజిల్ కార్లు సెలవు తీసుకునేదాకా, మన దేశంలో మూడు నాలుగు కంపెనీల కార్లలో ఇదే ఉండేది. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని సరదాగా 'నేషనల్ ఇంజన్' అనేవాళ్ళు. మంచి ఇంజన్. ఈ వ్యాసంలో తప్పు దానిది కాదని ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

కింద క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది, పిస్టన్లని పైకీ కిందకీ ఆడిస్తుంది. పైన క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంది, వాల్వుల్ని తెరిచి మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఎప్పుడూ అంతే, ఒక్క పన్ను అటూ ఇటూ కాకూడదు. నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది. వాల్వు కిందికి దిగిన చోటికే మరుక్షణం పిస్టన్ పైకి వస్తుంది. ఇద్దరూ ఒకే గదిని వంతులేసుకుని వాడుకుంటున్నారన్నమాట. వంతు తప్పితే గుద్దుకుంటారు. ఆ వంతుల్ని కాసేది చైను. కొన్ని ఇంజన్లలో ఈ పని రబ్బరు బెల్టు చేస్తుంది. దాన్ని ఇన్ని వేల కిలోమీటర్లకొకసారి మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది. చైనుకి అలాంటి లెక్క ఉండదు, ఇంజను ఉన్నన్నాళ్ళూ ఉంటుంది అంటారు. ఆయిలు సరిగ్గా మారుస్తుంటే, అన్న మాట చిన్నక్షరాల్లో ఉంటుంది.

చైనుకి ఒకవైపు ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది, క్రాంక్ లాగుతున్నవైపు. రెండోవైపు వదులు. టెన్షనర్ కూర్చునేది ఆ వదులువైపు. బొటనవేలంత సిలిండరు, అందులో ఒక స్ప్రింగు, ఒక ముల్లు లాంటి ప్లంజరు. ఇంజన్ తిరుగుతుంటే ఆయిల్ ప్రెషర్ వెనకనుంచి ప్లంజర్ని తోస్తుంది, ప్లంజరు ఒక వంపు తిరిగిన పట్టాని తోస్తుంది, పట్టా చైనుని ఒత్తి పడుతుంది. వెనక్కి జారకుండా గళ్ళు ఉంటాయి. చైను అరిగి పొడుగయ్యేకొద్దీ ప్లంజరు ఒక్కో గడి ముందుకొస్తుంది. రాత్రి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్న మళ్ళీ ఎక్కేదాకా చైనుని ఆపేది ఆ స్ప్రింగూ ఆ గళ్ళూ మాత్రమే. అవి కూడా ఆఖరికి వచ్చేస్తే, ఆ రెండు మూడు సెకన్లు చైను తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. నేను విన్నది అదీ.

తెలుగులో టెన్షన్ అంటే మంచి మాట కాదు. టెన్షన్ పడకు, టెన్షన్ పెట్టకు అంటాం. సరైన మాట 'బిగువు' కావాలి. అదేమో సమీక్షకుల చేతిలో పడిపోయింది. ఇది రాయబోయే ముందు నా పాత పుస్తక సమీక్షలు వెతికి చూశాను. 'బిగువైన కథనం' అని ఏడుచోట్ల రాశాను. ఒక్కచోటైనా ఆ రచయిత వదులువైపుని ఎలా పట్టుకున్నాడో చెప్పలేదు. బిగువు అంతటా ఒకేలా ఉంటుందనుకునేవాణ్ణి.

*

నా తప్పు ఆయిలుది. నాన్న 2013లో కొన్నాడు ఈ కారు. పదేళ్ళు తానే నడిపాడు. గ్లోవ్ బాక్సులో ఒక చిన్న డైరీ ఉంటుంది. అందులో ప్రతి ఆయిల్ మార్పూ, తేదీ, కిలోమీటర్లు, ఫిల్టర్ ధర, మార్చినవాడి పేరు రాసి ఉంటాయి. 2023లో కళ్ళ ఆపరేషన్ అయ్యాక నడపడం మానేసి తాళాలు నాకిచ్చాడు, డైరీ సంగతి కూడా చెప్పాడు. ఆయన రాసిన చివరి పద్దు 84,210 కిలోమీటర్ల దగ్గర. పది వేలకొకసారి మార్చాలి. మీటరు లక్షా పది వేలు దాటింది. ఆ తర్వాత డైరీలో నా చేతిరాత ఒక్క అక్షరం లేదు.

ఎందుకు మార్చలేదంటే చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు. ఒకసారి రిలీజ్ ఉంది, ఒకసారి వాన. అదీగాక కారు బాగానే నడుస్తోంది కదా. డీజిల్ ఇంజన్లో ఆయిలు మసిని పట్టుకుని మోస్తుంది. మోయాల్సినంత మోశాక ఆ మసే చైను కీళ్ళలో చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. ఈ వాక్యం రెండేళ్ళ కిందట కూడా నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న ఆటోనగర్ బయల్దేరాం. నాన్న కూడా వస్తానన్నాడు. కూర్మన్నపాలెం కూడలి దాటాలి. 2021 జనవరిలో స్టీలు ప్లాంటు అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక అక్కడే శిబిరం వేసి కూర్చున్నారు ఉద్యోగులు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వార్త టీవీలో వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడుతుంటే నాన్న స్క్రోలింగ్ చదివి "అందులో స్పేర్లకి ఎంతట?" అని అడిగాడు. ఎవరం చెప్పలేకపోయాం. ఆ రోజు కూడలి దగ్గర ఆయన ఏం మాట్లాడలేదు. కాలు ముందుకు చాపి, చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నాడు. ఇంజన్ని వింటున్నాడని నాకు అర్థమైంది.

*

మేస్త్రి, ఒక గుంటడు, నేను. నాన్నకి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కుడివైపు చక్రం ఊడదీశారు. ఇంజన్ కింద జాకీ పెట్టడానికి లేదు, ఎందుకంటే సంపు కూడా దించాలి. రెండు ఫెండర్ల మీదా చెక్క దుంగలు పరిచి, అడ్డంగా ఇనప పైపు వేసి, దానికి ఇంజన్ని గొలుసుతో వేలాడదీశారు. అప్పుడు మౌంటు తీశారు, బెల్టు తీశారు, క్రాంక్ పుల్లీ తీశారు. పుల్లీ బోల్టుకి మేస్త్రి పానాకి గొట్టం తొడిగి, ఇద్దరూ వేలాడితే గానీ రాలేదు. నాకు ఒక పని ఇచ్చారు: తీసిన బోల్టుల్ని వచ్చిన వరసలో అట్టముక్కకి గుచ్చడం. అట్ట మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటుదో అక్కడే గుచ్చాలి. అవన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో పెడితే ఏమవుతుందో గుంటడు నాకు చాలా ఓర్పుగా చెప్పాడు. వాడికి పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయి.

అంతకుముందే ఆయిలు దించారు. తొట్టిలో పడుతున్నప్పుడు ధార తెగకుండా, తారులా, నిదానంగా పడింది. డీజిల్ ఆయిలు నల్లగానే ఉంటుంది, అది కొత్తేం కాదు. మేస్త్రి రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"ఆయిలు ఎప్పుడు మార్చినారు బావూ?"

నాన్న నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. ఎటో చూస్తున్నాడు.

"కొంచెం లేటైంది మేస్త్రి గారూ" అన్నాను. మెల్లగా అన్నాను. ఎంత మెల్లగా అంటే ఆయనకి వినపడదని నాకు కచ్చితంగా తెలిసినంత మెల్లగా. మేస్త్రి ఒకసారి నావైపు, ఒకసారి కుర్చీవైపు చూసి, చెయ్యి గుడ్డకి తుడుచుకుని పనిలో పడ్డాడు.

కవర్ ఊడింది. ప్లంజరు చివరి గడి దాకా వచ్చేసి ఉంది, ఇంక ముందుకి రావడానికి లేదు. చైను ఒరుసుకునే పట్టా మీద రెండు గాడులు పడ్డాయి, గోరు పెడితే దిగుతోంది. కొత్త కిట్టు విప్పి, మేస్త్రి పాత చైనునీ కొత్త చైనునీ గోడ మీద ఒకే మేకుకి తగిలించాడు. పాతది రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి వేలాడుతోంది. అంతే. చూపిస్తే తప్ప కనపడదు.

చైను సాగింది అంటాం గానీ ఉక్కు సాగదు. ప్రతి కీలు దగ్గరా పిన్ను కాస్త అరుగుతుంది. ఒక్కో కీలుకి 0.05 మిల్లీమీటర్లు అనుకోండి, తలవెంట్రుకంత కూడా కాదు. వంద కీళ్ళకి 5 మిల్లీమీటర్లు. మేకుకి తగిలించినప్పుడు రెండు పేటలుగా వేలాడుతుంది కాబట్టి కనిపించేది అందులో సగం. ఏ ఒక్క కీలునీ పట్టుకుని నువ్వే పాడుచేశావు అనడానికి లేదు.

*

సీలింగ్ పేస్టు పాతది గీకడానికి గంట పైన పట్టింది. ఆ ఖాళీలో టీ తాగుతూ రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం గుర్తు తెచ్చుకున్నాను. 1974లో వచ్చిన ఆ 'జెన్' పుస్తకం చదవని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉండడు, కనీసం చదివానని చెప్పుకోనివాడు ఉండడు. అందులో స్నేహితుడి ఖరీదైన బండి హ్యాండిల్ జారుతుంటే పిర్సిగ్ బీరు డబ్బా రేకు ముక్క పెడదామంటాడు, స్నేహితుడు నొచ్చుకుంటాడు. హాస్టల్లో చదివినప్పుడు నేను పిర్సిగ్ వైపు నిలబడి ఆ స్నేహితుణ్ణి చూసి నవ్వుకున్నాను. రెండేళ్ళు పాటలు పెట్టుకుని తిరిగింది మాత్రం ఆ స్నేహితుడే.

నాకిప్పుడు ఎక్కువ నచ్చే పుస్తకం ప్రీమో లేవీది. 1978లో ఇటాలియన్‌లో వచ్చింది, ఇంగ్లీషులో 'ది మంకీస్ రెంచ్'. ట్యూరిన్ ఊరివాడు, ఫౌస్సోనె అని ఒక రిగ్గరు, దేశదేశాలు తిరిగి క్రేన్లూ వంతెనలూ నిలబెట్టే మనిషి. తను చేసిన పనుల గురించి ఒక కెమిస్టుకి కథలు చెబుతాడు. ఆ కెమిస్టు లేవీయే. మొత్తం పుస్తకం అంతే: ఏ బోల్టు ఎందుకు రాలేదు, ఏ పని ఎలా చెడింది, దాన్ని ఎలా సరిచేశారు. ఫౌస్సోనె నాన్న రాగిరేకులు కొట్టే పనివాడు. ఫియట్ ఊరి మనిషి కథ, ఫియట్ ఇంజన్ ముందు కూర్చుని గుర్తొచ్చింది, అంతకన్నా పెద్ద సంబంధం వెతకను.

మనకిలాంటిది ఎందుకు లేదని చాలాకాలంగా నా గొణుగుడు. కష్టం గురించి రాశాం, దోపిడీ గురించి గొప్పగా రాశాం. అల్లం రాజయ్య కథల్లో సింగరేణి ఉంది. ఈ ఊరి కోర్టుని లోపలినుంచి రాయడానికి రావిశాస్త్రి ఉన్నాడు, ఆయన ప్లీడరు కాబట్టి. 1966 ఉక్కు ఉద్యమం మీద పాటలున్నాయి. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ని, 'గోదావరి'ని, రాజేసినరోజు ఎవరి చేతులు ఏ వాల్వు మీద ఉన్నాయో మాత్రం నేను చదివిన తెలుగులో నాకు దొరకలేదు. తెలిసినవాళ్ళు టీకొట్ల దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్ళకి వినపడదు, మనం గట్టిగా అడగం.

నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, పాత టెన్షనర్ని చేతిలోకి తీసుకున్నాడు. ప్లంజర్ని బొటనవేలితో నొక్కి చూశాడు. తిప్పి చూశాడు.

"ఇది టేకప్పే కదరా" అన్నాడు.

కన్వేయర్ బెల్టుకి కూడా ఇదే సమస్యట. బరువు పడేకొద్దీ బెల్టు సాగుతుంది, సాగితే డ్రైవ్ డ్రమ్ము మీద జారుతుంది. అందుకని బెల్టుని ఒకచోట కిందికి వంచి, ఒక పుల్లీ చుట్టూ తిప్పి, ఆ పుల్లీకి టన్నుల బరువు వేలాడదీస్తారు. బెల్టు ఎంత సాగితే బరువు అంత కిందికి దిగుతుంది. బిగువు మారదు. ఈ ఊళ్ళో పోర్టులోనూ స్టీలు ప్లాంటులోనూ మైళ్ళకొద్దీ అలాంటి బెల్టులున్నాయి. బైలదిల్లా ఖనిజం కొత్తవలస–కిరండోల్ లైను మీద రైల్లో దిగి, ఓడ ఎక్కేదాకా బెల్టు మీదే పోతుంది.

"ఎక్కడ పెడతారు నాన్నా దాన్ని?" గట్టిగా అడిగాను.

"డ్రైవ్ దాటాక, తిరుగు బెల్టు మీద. లూజు ఉన్న పక్కే పెట్టాలి, అటు పక్క పెడితే ఎంత బరువైనా సాలదు." రెండు చేతులతో గాలిలో బెల్టు గీసి చూపించాడు. "బరువు నేలకి తగిలిందనుకో, అప్పుడు బెల్టు కొయ్యాల్సిందే. ఎంత దిగిందో రోజూ సుద్దముక్కతో గీత పెట్టీవోళ్ళం."

గుంటడు గీకుడు ఆపి వింటున్నాడు. ముప్పయ్యేళ్ళ ఆయన ఉద్యోగంలో నేను ఆయన్ని ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

*

బిగింపు మొదలైంది. క్రాంక్‌నీ క్యామ్‌నీ కదలకుండా పిన్నులు పెట్టి, కొత్త చైను వేసి, కొత్త పట్టాలు వేసి, టెన్షనర్ బిగించారు. కొత్త టెన్షనర్ ప్లంజరు లోపలికి నొక్కి పెట్టి ఉంటుంది, ఒక చిన్న పిన్ను దాన్ని ఆపుతుంది. బిగించాక ఆ పిన్ను లాగెయ్యాలి. మర్చిపోయి కవర్ మూసేస్తే మొదటికొస్తుంది.

"మేస్త్రీ, పిన్ను తీసీసేవా?" నాన్న కుర్చీలోంచి.

"తీసీసినాను సార్." చెయ్యెత్తి పిన్ను చూపించాడు. నాన్నకి మాట వినపడలేదు, పిన్ను కనపడింది.

తర్వాత పానాతో క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పారు. క్యామ్ ఒక చుట్టు తిరిగి, లాకింగ్ పిన్నులు మళ్ళీ సరిగ్గా వాటి రంధ్రాల్లో దిగాయి. ఎక్కడైనా అడ్డు తగిలితే స్టార్టర్ మోటారుకి తెలియదు, చేతికి తెలుస్తుంది. కవర్, సంపు, పుల్లీ, మౌంటు. అట్టముక్క మీది బోల్టులన్నీ అయిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. కొత్త ఆయిలు పోసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి, ఊరికే స్టార్టర్ తిప్పించాడు మేస్త్రి, ఆయిలు పైదాకా ఎక్కాలని. మళ్ళీ కనెక్టర్లు పెట్టి తాళం నాకిచ్చాడు. ఒక్క సెకను గరగరమంది, నా గుండె జారింది. తర్వాత ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేశాం. లేదు.

కిట్టూ ఆయిలూ కూలీ కలిపి 18,000 చిల్లర అయింది. గుంటడికి వేరుగా ఇచ్చాను.

మర్నాడు పొద్దున్న నేను షూ వేసుకుంటుంటే నాన్న అప్పటికే కారు దగ్గర నిలబడి ఉన్నాడు. బానెట్ మీద చెయ్యి వేసి, తలూపాడు. తాళం తిప్పాను. కాసేపు అలాగే ఉండి, "ఆపు. మళ్ళీ" అన్నాడు. మళ్ళీ తిప్పాను. చెయ్యి తీసి, పక్క సీట్లోకి వచ్చి కూర్చుని, గ్లోవ్ బాక్సు తెరిచాడు.

డైరీ తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని 84,210 ఉన్న పేజీ చూశాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. వెనక్కి వచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, తేదీ వేసి, చైనూ టేకప్పూ మార్చడమైనది అని రాసి, ఆగాడు.

"మధ్యలో ఆయిలు ఎన్నిసార్లు మార్చేవు?"

ఇంజన్ నిశ్శబ్దంగా తిరుగుతోంది. మెల్లగా చెప్పి ఊరుకోవచ్చు, ఏదో చెప్పాడులే అనుకుంటాడు.

"ఒక్కసారీ మార్చలేదు నాన్నా" అన్నాను. ఆయన చెవి నావైపు తిప్పాడు. "ఒక్కసారీ మార్చలేదు! ఇరవయ్యారు వేలు తిప్పేశాను! చప్పుడు ఆరు నెలల్నుంచీ ఉంది!"

ఎదురింటి ఆవిడ ముగ్గు వేస్తున్నదల్లా తలెత్తి చూసింది. నాన్న కాసేపు నా మొహంలోకి చూసి, డైరీలో తలొంచుకుని, మీటరు మీది అంకె చూసి రాసుకున్నాడు.

"ఫిల్టరెంత పడింది?" అన్నాడు.